కదపని సీసా

సముద్రం వెనక్కి తగ్గిన అరగంటకి, అంతదాకా నీళ్లలో నిలబడి ఊగిన గడ్డి ఇసుక మీద వాలిపోతుంది. అప్పుడే దిగాలి. ముందు దిగితే ఏది గుడ్డో ఏది నీటి బుడగో తెలియదు. ఆలస్యం చేస్తే ఎండకి ఆకు మీద ఉప్పు తేలి, గుడ్లు అందులో కలిసిపోతాయి. ఈ సంగతి సముద్ర పరిశోధన కేంద్రంలో చదువుకున్నవాళ్లకి పుస్తకాల్లో తెలుసు. మంత్రసానికి మోకాళ్లలో తెలుసు.

మంత్రసాని అంటే మనుషులకి పురుళ్లు పోసే మనిషి కాదు. కేంద్రంలో సహాయకురాలు. అదీ ఏడాదికోసారి కాగితం మీద పొడిగించే ఉద్యోగం. ఈ గడ్డి మీద బతికే బియ్యపుగింజంత నత్త ఎప్పుడు జతకడుతుందో, ఎన్ని గుడ్లు పెడుతుందో, అందులోంచి ఎన్ని పిల్లలు బయటికొస్తాయో చూసి రాయడం తొమ్మిదేళ్లుగా ఆమె పని. పేరు పెట్టింది అత్తగారు. "అందరి కోడళ్లూ ఇంటికొచ్చి ఆఫీసు గొడవలు చెబుతారు. నా కోడలు మాత్రం ఇవాళ ఎవరికి కాన్పయిందో చెబుతుంది" అని నవ్వి, ఆ రోజునుంచి మంత్రసానీ అని పిలవడం మొదలుపెట్టింది. ఆ పేరు ఎలా నడిచొచ్చిందో గానీ కేంద్రం దాకా వచ్చి అక్కడే స్థిరపడింది.

ఆమె జానెడు ఇనప చట్రాన్ని గడ్డి మీద పెట్టి, మోకాళ్ల మీద కూలబడి, చట్రంలో పడ్డ ఒక్కొక్క ఆకునీ రెండు వేళ్లతో వెనక్కి తిప్పి చూస్తోంది. మెడలో నల్లతాడుకి భూతద్దం. ఆకు అడుగున, వేరుకి దగ్గరగా, ఆవగింజంత జిగురు ముద్ద. అద్దం పెట్టి చూస్తే ముద్దలో పదో పన్నెండో చుక్కలు. చుక్కలు తెల్లగా ఉంటే నిన్నా మొన్నా పెట్టినవి. గోధుమరంగుకి తిరిగితే నెలలు నిండినట్టు.

"ఎన్ని?" అంది గట్టుమీద గొడుగు పట్టుకుని నిలబడ్డ మేడం. కేంద్రానికి ఆవిడే పెద్ద.

"పదకొండక్కా. నాలుగు ముద్దలు రెండు మూడు రోజుల్లో విచ్చుకునేలా ఉన్నాయి. లోపల పిల్లలు తిరుగుతున్నాయి."

"ఆ నాలుగూ కోసి తీసుకురా. కమిటీ వచ్చేసరికి సీసాలో పిల్లలు ఉండాలి."

కేంద్రంలో అందరికీ ఆవిడ మేడమే. మంత్రసానికి మాత్రం అక్క. చేరిన మొదటి నెలలో ఆమె సముద్రపు గుల్ల మీద కాలేసి అరికాలు చీల్చుకుంటే, మేడం తన చున్నీ చింపి కట్టు కట్టి, "నొప్పి పుడితే అక్కా అని ఏడువు, మేడం అని ఎవరైనా ఏడుస్తారా?" అంది. మెడలో భూతద్దం కూడా ఆవిడ ఇచ్చిందే, ఆవిడ చదువుకునే రోజుల్లోది. ఆకుని ఎలా తిప్పాలో, ఏ గుడ్డుని ముట్టుకోకూడదో అన్నీ ఆవిడ చెబితే నేర్చుకున్నవే.

కమిటీ మూడు రోజుల్లో వస్తోంది. పెద్ద పడవలు ఆగడానికి ఈ తీరం మలుపులో లోతుగా తవ్వి రేవు కట్టాలని ఒక కంపెనీ అడిగింది. తవ్వితే గడ్డి పోతుంది. గడ్డి పోతే నత్త పోతుందా, మళ్లీ వస్తుందా అన్నది కేంద్రం తేల్చి చెప్పాలి. కేంద్రం అంటే మేడం. కనుక మంత్రసానికి ఏ బెంగా లేదు. ఈ నత్త మిగతావాటిలా పిల్లల్ని సముద్రంలోకి వదిలి, మీ అదృష్టం మీది అని చేతులు దులుపుకునే రకం కాదు. గుడ్డులోంచి వచ్చేటప్పటికే పిల్లకి వీపుమీద గుల్ల ఉంటుంది, కింద అంటుకునే పాదం ఉంటుంది. పుట్టిన ఆకు మీదే పాకి, ఆకుకి పట్టిన పాచి నాకి బతికి, పక్క ఆకు మీద జతకట్టి, ఆ పక్క ఆకు మీద గుడ్లు పెట్టి పోతుంది. బతుకంతా కలిపి బారెడు దూరం. ఇక్కడ గడ్డి పోతే ఎక్కడినుంచో కొట్టుకొచ్చి చేరేది ఉండదు. ఆ పాచి నాకే నోరు లేకపోతే మిగిలిన గడ్డి కూడా కుళ్లుతుంది. ఇదంతా తొమ్మిదేళ్ల కింద మేడం ఇదే గట్టుమీద నిలబడి చెప్పింది. "నేనుండగా ఈ గడ్డి మీద చెయ్యి పడనివ్వను" అని కూడా అంది.

మంత్రసాని కత్తెరతో నాలుగు ఆకులు మొదలంటా కోసి, సముద్రపు నీళ్లు నింపిన గాజు సీసాలోకి జారవిడిచి, మూతికి పల్చటి గుడ్డ కట్టింది. లేవబోతే మోకాళ్లు పట్టేశాయి. మేడం గట్టు దిగొచ్చి చెయ్యి అందించింది.

"ముసలైపోతున్నావే" అంది మేడం.

"నువ్వు ఇంకా పరికిణీలోనే ఉన్నట్టు మాట్లాడకక్కా" అంది మంత్రసాని. ఇద్దరూ నవ్వుకుంటూ గట్టెక్కారు.

*

ప్రయోగశాల గదిలో పైకప్పు మూడుచోట్ల కారుతుంది. మూడు బకెట్లు ఎప్పుడూ అక్కడే ఉంటాయి. కిటికీ పక్క బల్ల మంత్రసానిది. దానిమీద వరసగా సీసాలు, ఒక తెల్ల పింగాణీ పళ్లెం, వెనక రబ్బరున్న పెన్సిల్, అట్ట చిరిగిన నోటుపుస్తకం.

పిల్లల్ని లెక్కపెట్టడంలో ఒక చిక్కుంది. ముద్ద విచ్చుకోగానే అవి ఆకు మీదా, సీసా గోడమీదా పాకి అతుక్కుంటాయి. సీసా గుండ్రం, పిల్ల ఇసుక రేణువంత. గాజులోంచి చూస్తే ఒకటి రెండుగా కనిపిస్తుంది. మొదట్లో ఎన్నిసార్లు లెక్కపెడితే అన్ని లెక్కలు వచ్చేవి. ఉపాయం మంత్రసానిదే. పెన్సిల్ రబ్బరుతో సీసా అడుగున టకటకా కొట్టి, గుండ్రంగా మూడుసార్లు గట్టిగా తిప్పితే పట్టు వదిలి నీళ్లలోకి రాలతాయి. వెంటనే పళ్లెంలోకి వంపి, తెల్లటి అడుగున గోధుమరంగు చుక్కల్ని దువ్వెన పన్నుతో ఒక్కొక్కటే పక్కకి జరుపుతూ లెక్కపెట్టాలి. ఇంకా మొండికేసి గాజుని పట్టుకున్నవి రెండో మూడో ఉంటాయి. అందుకే ఆమె పుస్తకంలో రెండు గడులు: 'కదిపాక నీళ్లలో', 'కదిపాక గాజుకి'. ఈ పద్ధతి చూసి మేడం, "పెద్ద పెద్ద లాబుల్లో కూడా ఎవరికీ తట్టలేదే ఇది" అని భుజం తట్టింది. ఆ రోజు ఇంటికెళ్లి ఆమె ఆ మాటని అత్తగారికి రెండుసార్లు చెప్పింది.

మర్నాడు పొద్దున టైపిస్టు ఒక కట్ట తెచ్చి బల్లమీద పెట్టాడు.

"నివేదిక. ప్రతి పేజీ కింద మీ సంతకం. మేడం సాయంత్రానికల్లా కావాలన్నారు."

"నా సంతకమా? నీకు మతిపోయిందా? నా పేరు ఎప్పుడైనా ఏ కాగితం మీదైనా ఉందా?"

"ఈసారి ఉందండి. మొదటి పేజీలోనే. చూసుకోండి."

ఉంది. 'లెక్కించినవారు' అని, ఆ కింద ఆమె పూర్తి పేరు. మేడం పేరు తర్వాత, కాస్త చిన్న అక్షరాల్లో 'పర్యవేక్షణ' అని. తొమ్మిదేళ్లలో మేడం ఆరు వ్యాసాలు అచ్చువేసింది. ఆరింటిలోనూ ఆమె లెక్కలున్నాయి గానీ ఆమె లేదు. అందుకు ఆమె ఎప్పుడూ చిన్నబుచ్చుకోలేదు. చదువుకున్నవాళ్ల వ్యవహారం అనుకుంది. ఇప్పుడు తన పేరు అచ్చులో చూసుకుని మొహం వెలిగిపోయింది. చెయ్యి చీరకి తుడుచుకుని పేజీ తిప్పింది.

అంకెలు తనవే. యూనిఫారంలో వరసగా నిలబెట్టినా సొంతబిడ్డని గుర్తుపట్టినట్టు ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టింది. నలభై ఒకటి, ముప్పై ఎనిమిది, నలభై నాలుగు. పైన గడి పేరు చూసింది. 'నీళ్లలో'. పక్క గడి, 'గాజుకి': రెండు, మూడు, ఒకటి. కదిపాక అన్న మాట లేదు. పేజీ తిప్పింది. అక్కడా లేదు. మూడో పేజీలోనూ లేదు.

"దీని కింద పెద్ద పెద్ద మాటల్లో ఏదో రాశారు, చదివి చెప్పవా?" అంది టైపిస్టుతో.

అతను చదివాడు. పుట్టిన పిల్లల్లో నూటికి తొంభై అయిదు నీళ్లలో తేలుతూ కనిపించాయి. కనుక ఇవి కొన్ని వారాలపాటు ప్రవాహంతో ప్రయాణించి దూరప్రాంతాల గడ్డిమీద స్థిరపడతాయి. కనుక ఇక్కడి గడ్డిని తొలగించినా కాలక్రమంలో నత్తలు తిరిగి వచ్చి చేరతాయి. నష్టం తాత్కాలికం.

"తేలడమేంటి? నేను కొడితే రాలాయి, తేలలేదు" అంది మంత్రసాని.

టైపిస్టు కట్ట సర్దుకున్నాడు. "నాకిచ్చిన కాగితంలో ఎలా ఉందో అలాగే కొట్టానండి. ఒక్క అక్షరం మార్చలేదు." అతను అబద్ధం చెప్పే మనిషి కాదు. పోనీ పొరపాటున చెప్పినా బాగుండేది అనిపించింది ఆమెకి.

*

మేడం గదిలో ఫ్యాను పెద్దగా శబ్దం చేస్తూ తిరుగుతోంది. మంత్రసాని కూర్చోలేదు. నోటుపుస్తకం గుండెకి ఆనించుకుని నిలబడింది.

"కదిపాక అన్న మాట ఏమైందక్కా?"

"ఏది?" అని మేడం తలెత్తి, "ఓ, అదా. టైపులో పోయుంటుందిలే."

"మూడు పేజీల్లోనూ పోయిందా?"

మేడం లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. "కూర్చో" అంది. ఆమె కూర్చోలేదు.

"చూడు. వాళ్లు ఎలాగూ తవ్వుతారు. మనం కాదంటే ఇంకెవరిచేతో రాయించుకుంటారు. ఈ నత్తకోసం ఆగే రేవు ఎక్కడైనా ఉందా? ఎలాగూ జరిగేదానికి మనం అవుననేటప్పుడు మనకి ఏమన్నా మిగలాలి కదా. కొత్త కేంద్రం కట్టిస్తామన్నారు. పైకప్పు కారదు. గాజు తొట్లు వస్తాయి. నత్తల్ని తొట్లలో పెంచుదాం, నువ్వే చూసుకుందువు గాని. నీ ఉద్యోగం పక్కా చేయించాను. ఇన్నాళ్లూ నీకేం చెయ్యలేకపోయానని నాకు ఎంత బాధో నీకు తెలీదు."

"అందుకనేనా నా పేరు మొదట పెట్టావు?"

"నీ కష్టం నీ పేరుమీద ఉండొద్దూ?"

మంత్రసాని ఆవిడ మొహంలోకి చూసింది. తొమ్మిదేళ్లుగా తెలిసిన మొహమే. రేపు ఎవరైనా ఈ లెక్క తప్పని నిలదీస్తే, లెక్కించినవారు అన్నచోట వేలు పెట్టి చూపిస్తారు. చదువులేని మనిషి, కదిపి లెక్కపెట్టిందట, మాకు చెప్పలేదు అంటారు. ఆ సంగతి తనకే తట్టినప్పుడు ఇంత చదువుకున్నావిడకి తట్టకుండా ఉంటుందా? గట్టుమీద అందించిన చెయ్యి గుర్తొచ్చింది. నిన్న ఆ చెయ్యి పట్టుకుని తను నవ్వేటప్పటికి ఈ కట్ట టైపుకి వెళ్లిపోయే ఉంటుంది.

"సంతకం కమిటీ ముందు లెక్కపెట్టాక చేస్తానక్కా" అంది చివరికి.

ఆమె ఎప్పుడూ దేనికీ కాదన్నది లేదు కనుక మేడం దాన్ని ఒప్పుకోలుగానే తీసుకుంది. "అలాగే. వాళ్లు కళ్లారా చూస్తామన్నారు కూడా. ఎప్పటిలా కదిపి, పళ్లెంలో పోసి, లెక్క చెప్పు చాలు. మిగతాది నేను మాట్లాడతాను" అంది. వెళ్లబోతుంటే వెనకనుంచి, "ఆ మోకాళ్లకి వేడినీళ్ల కాపడం పెట్టు, మర్చిపోకు" అంది. ఆ మాటకే మంత్రసానికి ఏడుపొచ్చింది.

సాయంత్రం ఇంట్లో అత్తగారు కూరలు తరుగుతూ కోడలి వైపు నాలుగుసార్లు చూసింది.

"ఏమైందే? నత్త ఏదైనా అడ్డం తిరిగిందా?"

"అక్క తిరిగింది" అంది ఆమె. జరిగిందంతా చెప్పింది.

పడవ ఇంజన్లు బాగుచేసే భర్త గుమ్మంలో కూర్చుని గ్రీజు మరకలు తుడుచుకుంటూ విన్నాడు. రేవొస్తే అతనికి చేతినిండా పని. "ఒక్క మాటే కదా పోయింది. ఉద్యోగం పక్కా అంటోంది. ఆలోచించు" అన్నాడు. అతని తప్పేం లేదు. ఆమె కూడా దారంతా అదే ఆలోచించుకుంటూ వచ్చింది.

అత్తగారు కత్తి పక్కన పెట్టింది. "నీ పని నువ్వు చేసుకొచ్చావు, సరే. చేసినదాన్ని చెయ్యనట్టు రాస్తే సంతకం పెడతావా అంటే నీ ఇష్టం. నన్నడిగితే, ఆవిడ నిన్ను అమాయకురాలని అనుకోవడమే నాకు ఒళ్లు మండిస్తోంది."

"నేను అమాయకురాలినే కదత్తయ్యా" అంది మంత్రసాని. ముసలావిడ మళ్లీ కత్తి అందుకుంది.

*

కమిటీలో ముగ్గురు. ఇద్దరు ఆఫీసర్లు, ఒకాయన పూర్వం ఓడ నడిపిన కెప్టెను. కెప్టెను గారికి డెబ్భై దాటి ఉంటాయి. కళ్లద్దాలు తాడుకట్టి మెడలో వేసుకున్నాడు. మేడం గోడమీద బొమ్మలు చూపిస్తూ అరగంట మాట్లాడితే ఆయన రెండుసార్లు కునుకు తీశాడు.

మంత్రసాని కిటికీ పక్కన సీసాతో నిలబడింది. ముద్దలు నాలుగూ తెల్లవారుజామున విచ్చుకున్నాయి. పొద్దున్నే వచ్చి చూసేసరికి ఆకులమీద, గాజుమీద నలభై పైచిలుకు పిల్లలు, ఒక్కొక్కటీ తలలో రెండు కొమ్ములు చాచి పాకుతున్నాయి. ఎప్పుడు చూసినా ఆమెకి ఇది కొత్తే. ఇంతున్న ప్రాణి, పుట్టిన క్షణంనుంచి పట్టుకోవడం ఒక్కటి తెలుసు దానికి.

"ఇప్పుడు మీరు స్వయంగా చూడొచ్చు" అంది మేడం. "మా సహాయకురాలు తొమ్మిదేళ్ల అనుభవం ఉన్న మనిషి. లెక్క ఆవిడే చెబుతుంది."

మంత్రసాని సీసాని బల్ల మధ్యకి తెచ్చింది. తెల్ల పళ్లెం పక్కన పెట్టింది. గుడ్డ విప్పింది. పెన్సిల్ చేతిలోకి తీసుకుంది. రాత్రంతా ఏదో మాట్లాడాలనుకుంది గానీ ఇప్పుడు ఒక్క మాట గుర్తు రాలేదు. పెన్సిల్ రబ్బరుని సీసా అడుగుకి ఆనించింది. గాజుమీద ఒక పిల్ల సరిగ్గా ఆమె బొటనవేలి ఎదురుగా పాకుతోంది. కొట్టడానికి చెయ్యి రాలేదు.

పెన్సిల్ బల్లమీద పెట్టేసి, సీసాని రెండు చేతులతో పట్టుకుని, కన్నబిడ్డకి పాలు పట్టినంత నెమ్మదిగా పళ్లెంలోకి వంచింది. నీళ్లు చప్పుడు లేకుండా జారాయి. భూతద్దం కంటికి పెట్టుకుని పళ్లెం ఈ చివరనుంచి ఆ చివరదాకా చూసింది. మళ్లీ చూసింది.

"సున్నా" అంది.

ఆఫీసరొకడు పళ్లెంలోకి తొంగిచూసి, "ఏమీ లేవు కదండీ. నివేదికలో నలభై ఒకటి అని ఉంది" అన్నాడు.

మేడం నవ్వింది. చాలా మర్యాదగా నవ్వింది. "కంగారుపడింది పాపం. మిమ్మల్ని చూసి భయపడినట్టుంది. ముందు సీసాని కదపాలి, అది మర్చిపోయింది. ఆ పద్ధతి కనిపెట్టింది కూడా ఆవిడే" అని, మంత్రసాని వైపు తిరిగి, "నీళ్లు తిరిగి పోసి, కదిపి మళ్లీ చెయ్యమ్మా" అంది.

"కదపడం దేనికి?" అన్నాడు కెప్టెను గారు. ఆయన నిద్ర ఎప్పుడు లేచాడో ఎవరూ చూడలేదు.

"కదపకపోతే పట్టు వదలవండీ. గాజుని ఎంత గట్టిగా పట్టుకుంటాయంటే..."

మాట అక్కడ ఆగింది. మేడం నోరు ఇంకా తెరిచే ఉంది. టైపిస్టు తల దించుకుని తన చెప్పుల్ని చూసుకున్నాడు.

కెప్టెను గారు తీరిగ్గా కళ్లద్దాలు తగిలించుకుని, నీళ్లు లేని సీసాని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు. "ఉన్నాయి. బోలెడున్నాయి" అన్నాడు తనలో తను. "నలభయ్యేళ్లు సముద్రం మీద తిరిగాను. నున్నటి గాజుని వదలనిది గడ్డిని వదిలి ఎలా వెళుతుందమ్మా?"

మేడం మంచినీళ్ల గ్లాసు అందుకుంది, తాగలేదు.

"నీ దగ్గర ఏమైనా రాసుకున్న పుస్తకముందా తల్లీ?" అన్నాడాయన మంత్రసానితో.

ఆమె అట్ట చిరిగిన నోటుపుస్తకం ఇచ్చింది. ఆయన పేజీలు తిప్పాడు. తొమ్మిదేళ్లూ, ప్రతి పేజీలోనూ, గడిమీద గడి, 'కదిపాక', 'కదిపాక', 'కదిపాక'. నివేదికని పక్కన పెట్టుకుని చూసి, రెండింటినీ ఆఫీసర్ల ముందుకి జరిపాడు. వాళ్లు గుసగుసలాడుకున్నారు. ఈ నివేదిక చెల్లదనీ, కొత్తవాళ్లు వచ్చి మళ్లీ లెక్క తీసేదాకా గడ్డిని ముట్టుకోవడానికి వీల్లేదనీ అక్కడే రాసి సంతకాలు చేశారు.

మంత్రసానికి సంతోషం రాలేదు. వస్తుందేమోనని కాసేపు చూసింది. ఆకులు ఎండిపోతున్నాయని గుర్తొచ్చి సీసాలో సముద్రపు నీళ్లు నింపుకుని బయటికి నడిచింది.

*

నీళ్లు తిరిగి ఎక్కుతున్నాయి. గడ్డి అప్పుడే సగం లేచి నిలబడింది. ఆమె పిక్కల్లోతు నీళ్లలో వంగి, సీసా మూతిని గడ్డి దుబ్బుకి ఆనించి పట్టుకుంది. ఆకులమీది పిల్లల్ని ఆకులతో సహా దుబ్బులో దూర్చింది. గాజుకున్నవాటిని అలా దూర్చడానికి లేదు. కదిపితే రాలి అడుగున బురదలో పడతాయి. వాటంతట అవి పాకి ఆకు ఎక్కేదాకా ఆగాలి. ఈ పనికి ఎప్పుడూ ఇద్దరు కావాలి, ఒకళ్లు సీసా పట్టుకుంటే ఒకళ్లు ఆకు వంచాలి. సీసా పట్టుకునేది మేడం.

వెనక నీళ్ల చప్పుడైంది. మేడం చెప్పులతోనే దిగొచ్చింది. జుట్టు చెదిరిపోయి ఉంది. ఆవిడ ఏడ్చినట్టుంది.

"నువ్వు నాకిలా చేస్తావని కల్లో కూడా అనుకోలేదు" అంది. "అందరి ముందూ. నీకు నేనేం తక్కువ చేశానే?"

నిజంగా ఏమీ తక్కువ చేయలేదు. కట్టు కట్టింది, పని నేర్పింది, భూతద్దం ఇచ్చింది. ఒక్కటైనా తక్కువ చేసి ఉంటే ఇప్పుడు ఇంత నొప్పి ఉండేది కాదు. ఆమె మెడలోంచి నల్లతాడు తీసి, భూతద్దం ఉన్న తడిచేతిని చాచింది.

"నేనూ అనుకోలేదు మేడం."

ఆ పిలుపు విని మేడం మొహం పాలిపోయింది. చాచిన చేతిలోంచి అద్దం తీసుకుంది. తీసుకున్నాక కూడా వెళ్లకుండా, వంగి సీసా పట్టుకోవాలా వద్దా అన్నట్టు ఒక చెయ్యి ముందుకి పెట్టి నిలబడింది. మంత్రసాని సీసాని చంకకి ఆనించుకుని, రెండో చేత్తో ఆకుని తనే వంచుకుంది. గాజుమీద ఇంకా మూడు పిల్లలు మిగిలాయి. నీళ్లు మోకాళ్లు దాటేలోగా అవి పాకితే చాలనుకుంటూ కదలకుండా నిలబడింది.